బంతి యొకటి, పంతములు నాలుగు

మానవులు కలహించుకొనుటకు కారణములు దొరకక యెన్నడైన నిబ్బందిపడినట్లు చరిత్రయందు కానరాదు. దేవుని పేరను, భాష పేరను, పొలముగట్ల పేరను, నుదుటి బొట్టు నిలువుగా నుండవలెనా అడ్డముగా నుండవలెనా యను మీమాంస పేరను తగవులాడి యలసిన పిమ్మట, గాలి నింపిన తోలుతిత్తి నే రీతిగా తన్నవలె ననునది కూడ నొక మతభేదముగా పరిణమించెనన్న మా కాశ్చర్యము లేదు. ఆశ్చర్యకరమైనది వేరొకటి కలదు. ఈ తగవున ఆటను గూర్చిన ప్రసంగము మిక్కిలి స్వల్పము. బంతి నెవరు చక్కగా తన్నిరి, ఎవరు చక్కగా పట్టిరి, ఏ నిబంధన న్యాయ్యము, ఏది కాదు అని వాదించువాడు పదిమందిలో నొక్కడు. నిన్నటి యాటకు మీ మైదానమునకు వచ్చినవా రెందరు, మా మైదానమునకు వచ్చినవా రెందరు అని లెక్కల కట్టలు విప్పువారు తక్కిన తొమ్మండుగురు. సంతలో పశువులను లెక్కించు దళారుల వలె మనుష్యుల తలలను లెక్కించి, ఆ లెక్కను పట్టుకొని యొకరి నొకరు దూషించుకొనుచు, దానిని క్రీడాభిమాన మనుచున్నారు. దీనివలన ఆటకును, ఆడువారికిని, చూచువారికిని కూడ హాని కలుగుచున్నదని చెప్పుటకే మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ వ్యాధి యనేక దేశములందు కలదు గాని, దాని లక్షణములను నిండుగా చూడగోరువారు ఆస్ట్రేలియాను చూడవలెను. మూడుకోట్ల జనమైనను లేని ఆ దేశమున ఫుట్‌బాలను నొక్క పేరు క్రింద నాలుగు ఆటలు జీవించుచున్నవి. మొదటిది ఆస్ట్రేలియా పద్ధతి. అండాకారపు మైదానమున జట్టునకు పదునెనమండుగురు చొప్పున ఆడుదురు. బంతిని కాలితో తన్నవచ్చును, పిడికిట గ్రుద్దవచ్చును, ఆకసమున కెగిరి పట్టవచ్చును. రెండవది పదుమువ్వు రాడు రగ్బీ లీగు. మూడవది పదునైదుగు రాడు రగ్బీ యూనియను. నాలుగవది ప్రపంచ మంతయు ఆడుచున్న పదునొకండుగురి ఆట. దానిని ఆ దేశమున సాకరని పిలుచుట వాడుక. మెల్‌బోర్నులో ఫుట్‌బాలనిన మొదటిదియే యర్థము. సిడ్నీలో పనివారు నివసించు పేటలలో రెండవది. ఇంగ్లండు నుండియు, ఇటలీ, గ్రీసు, క్రొయేషియాల నుండియు వచ్చి స్థిరపడినవారి యిండ్లలో నాలుగవది. ఆ పేరు తమ సొత్తని నాలుగు వర్గములవారును వాదింతురు. సాకరను మాట తమ్ము కించపరచుటకై యితరులు కల్పించినదని నాలుగవ శాఖవారిలో కొందరు కోపింతురు గాని, అది ఇంగ్లండుననే, అసోసియేషను అను మాటను విద్యార్థులు కుదించి పలుకగా పుట్టినది. 2005లో ఆ శాఖ యొక్క జాతీయ సంస్థ తన పేరున ఫుట్‌బాలను మాటను చేర్చుకొనగా, తక్కినవారు తమ యింటిపేరు నెవరో అపహరించినట్లు నొచ్చుకొనిరి.

ఈ నాలుగును ఒక్క తల్లి బిడ్డలే. ఇంగ్లండులోని బడులలో నొక్కొక్క బడి యొక్కొక్క తీరున ఆడుకొనిన బంతులాటయే వీని కన్నింటికి మూలము. మెల్‌బోర్నులో టామ్ విల్సు అను క్రికెటు ఆటగాడు, శీతకాలమున తమవారి దేహములు మొద్దుబారకుండుటకై ఫుట్‌బాలు సంఘము నొకదానిని స్థాపింపవలెనని 1858లో పత్రికకు లేఖ వ్రాసెను. మరుసటి యేడు మే నెలలో ఆయనయు, మరికొందరును కూర్చుండి నిబంధనలను వ్రాసిరి. లండనులో ఫుట్‌బాలు అసోసియేషను పుట్టినది అటు పిమ్మట నాలుగేండ్లకు, 1863లో. అక్కడ వచ్చిన పెద్ద తగవు ప్రత్యర్థి కాలిపిక్కను బూటుతో తన్నుట కూడునా కూడదా యనునది. కూడదనగానే కొందరు అలిగి వెడలిపోయిరి. బంతిని చేతబట్టి పరుగెత్తు వర్గమువారు 1871లో రగ్బీ యూనియనుగా నేర్పడిరి. ఈ చరిత్రలో నెక్కడను జనసంఖ్య ప్రసక్తి లేదు. నలుగురు కూడి, మన మెట్లు ఆడుకొందమని మాటలాడుకొనిరి. కుదిరినవారు కలిసి యాడిరి, కుదరనివారు వేరుగా నాడుకొనిరి. మన పల్లెలలో చెడుగుడనియు, మహారాష్ట్రమున హుతుతు అనియు, వంగదేశమున హడుడు అనియు ఒక్క యాటనే పలు తీరుల ఆడుకొనలేదా? వానిలో నేది గొప్పదని తలలు పగులగొట్టుకొన్నవారిని మేము వినలేదు.

రగ్బీ రెండుగా చీలిన కథను మాత్రము కొంత విపులముగా చెప్పవలసి యున్నది. అందు నిజముగా న్యాయాన్యాయ విచారణ కలదు. ఇంగ్లండు ఉత్తరభాగమున యార్కుషైరు, లాంకషైరు మండలములలో రగ్బీ నాడినవారు గనులలోను, బట్టలమిల్లులలోను పనిచేయు కూలివారు. శనివారము నాడు ఆటకు పోయినచో ఆనాటి కూలి పోవును. ఆ పోయిన కూలిని సంఘమువారు ఇచ్చుకొనుటకైన అనుమతింపుడని వారు కోరిరి. దక్షిణమున నుండిన పెద్దమనుష్యులు, ఆటకు డబ్బు పుచ్చుకొనుట నీచమనియు, పెద్దమనిషి యైనవాడు ఆటను ఆటకొరకే యాడుననియు సెలవిచ్చి 1893లో ఆ కోరికను త్రోసిపుచ్చిరి. పూట గడచుటకు చింతలేనివాడు పూట గడవనివానికి చెప్పిన నీతి యిది. 1895 ఆగస్టు 29న హడ్డర్సుఫీల్డు పట్టణమున జార్జి హోటలులో నిరువదికి పైగా సంఘములు కూడి, తమ త్రోవ తామేర్పరచుకొనినవి. మొదట వారు కోరినది దినమునకు ఆరు షిల్లింగులకు మించని నష్టపరిహారము! ఆ చీలిక నుండియే రగ్బీ లీగు పుట్టినది. సిడ్నీలోను కథ యిట్టిదే. 1907లో అలెక్సు బర్డన్ అను ఆటగాడు గాయపడి పనికి పోలేక యుండగా రగ్బీ యూనియనువా రాదుకొనరైరి. క్రికెటున పేరుమోసిన విక్టరు ట్రంపరు దుకాణమున కొందరు కూడి యాలోచించుకొని వేరు సంస్థను నెలకొల్పిరి. 1908లో తొలి పోటీలు జరిగినవి. డబ్బు ముట్టినవాడు మైలపడునని నూరేండ్లు పలికిన రగ్బీ యూనియను 1995 ఆగస్టులో తానే ఆ మైలను నెత్తిన పోసికొనినది గాని, అంతకు ముందు తాను వెలివేసినవారిని క్షమాపణ వేడుకొనుటకు తొందరపడలేదు.

రగ్బీ లీగు నభిమానించువారు గర్వింపదలచినచో ఇందు గర్వింపదగినది కలదు. కూలివాని కడుపును గూర్చి మొదట మాటలాడినది తమ ఆట యని వారు చెప్పుకొనవచ్చును. ఈ మాట వారి నోట మేము వినుట యరుదు. వారి నోట నెప్పుడును వినవచ్చునది నిన్నరాత్రి టెలివిజనులో తమ యాటను చూచినవారి సంఖ్య.

ఇక ఆ సంఖ్యల సంగతి. ఆస్ట్రేలియా పద్ధతివారు మైదానమునకు వచ్చిన జనమును చూపుదురు. 1970లో కార్ల్‌టను, కాలింగ్‌వుడ్ జట్ల తుదిపోటీకి మెల్‌బోర్ను క్రికెటు మైదానమున 1,21,696 మంది కూడిరి. నేటికిని వారి యాటలకు సగటున ముప్పదియైదు వేలకు మించి జనము వచ్చుచుండగా, రగ్బీ లీగునకు వచ్చువారు ఇరువది వేలకు అటునిటుగా నుందురు. కాబట్టి తామే గెలిచితిమందురు. లీగువారు ఆ కొలబద్దను పుచ్చుకొనరు. టెలివిజను చూచినవారిని లెక్కింపుమందురు. క్వీన్సులాండునకును న్యూసౌత్‌వేల్సునకును నడుమ 1980 నుండి జరుగుచున్న రాష్ట్రములపోటీని ముందు పెట్టుదురు. సాకరువారు ఆ రెండు కొలబద్దలను పారవైచి, చూచువారితో మాకేమి పని, ఆడువారిని లెక్కింపుమందురు. జట్లుగా నాడు క్రీడలలో మా ఆట నాడువారే ఎక్కువ, పది లక్షలకు పైబడి యున్నారు, పైగా ప్రపంచ మంతయు మాది యందురు. యూనియనువారికి దేశములోపలి లెక్కలు గిట్టవు. 2000 జూలైలో సిడ్నీ మైదానమున న్యూజీలాండుతో జరిగిన పోటీకి 1,09,874 మంది వచ్చిన సంగతిని తలచుకొని తృప్తిపడుదురు. ఒకడు మానికతోను, ఒకడు గజముతోను, ఒకడు తక్కెడతోను కొలిచి, నా ధాన్యమే యెక్కువ యని పోరాడుకొనినట్లున్నది.

కొలతలో మెలకువలు కూడ నున్నవి. టెలివిజను ప్రేక్షకులను లెక్కించుటకు రెండు విధములు కలవు. ఆట నడచినంతసేపు నిమిష నిమిషమునకు చూచుచున్నవారి సగటు ఒకటి. ఎప్పుడో యొకప్పుడు కొద్దిసేపైనను తొంగిచూచిన వారందరి మొత్తము మరియొకటి. రెండవది మొదటిదానికంటె నెంతయో పెద్దది. 2023 ఆగస్టు 16న ఆస్ట్రేలియా స్త్రీల జట్టు ఇంగ్లండుతో నాడిన సాకరు ఆటకు సగటు 72 లక్షలకు దగ్గరగా నుండగా, మొత్తము కోటి పదునొక లక్షలు దాటినది. రెండును నిజమే. తమ యాటకు మొత్తమును, ఎదుటివాని యాటకు సగటును చెప్పువాడు అబద్ధమాడకయే మోసము చేయుచున్నాడు. కోమటి తూకపురాళ్లను గూర్చి సామెతలు చెప్పుకొని నవ్వు చదువుకొన్నవారు సైతము ఈ తూకమును పరీక్షింపక పుచ్చుకొనుచున్నారు.

మైదానపు లెక్కకును కారణములు ఆటయందే యున్నవి గాని ఆటయొక్క గొప్పతనమునందు లేవు. ఆస్ట్రేలియా పద్ధతి ఆట క్రికెటు మైదానములలో పెరిగినది. ఆ మైదానములు విశాలములు. లక్షమంది కూర్చుండుటకు వీలైనదియు వానిలో కలదు. ఆటగాండ్రు నలుదిక్కుల పరచుకొని యుందురు. టెలివిజను కన్ను ఒక మూలను చూపుచుండగా వేరొక మూల జరుగునది కనబడదు. కావున చూడవలెననువాడు పోయి చూచుటయే మేలు. అంతియే గాక ఆ జట్లలో సగము మెల్‌బోర్ను నగరముననే యున్నవి. రెండు జట్లవారును ఒక్క ఊరివారైనప్పుడు మైదానము నిండుట వింతయా? రగ్బీ లీగు కొలువుగల చతురస్రపు మైదానమున, రెండు వరుసలు ఎదురెదురుగా నిలిచి ఆడు ఆట. టెలివిజను తెరపై నది చక్కగా నిముడును. సిడ్నీలోని జట్లు పేటపేటకు చిన్న మైదానములను పెట్టుకొని యుండినవి. వానియందు నిరువది వేలమంది పట్టుటయే గొప్ప. గుమ్మడిపాదు పందిరి కెక్కలేదనియు, బీరపాదు నేలమీద పరచుకొనలేదనియు తప్పుపట్టువాడు తోటమాలి కాజాలడు.

1978లో ఇయన్ టర్నరు అను చరిత్రకారుడు ఆ దేశపటముపై నొక ఊహారేఖను గీసి, దానికి బరాసీ యను ప్రసిద్ధుడైన ఆటగాని పేరు పెట్టి, రేఖ కావల రగ్బీ, ఈవల మన యాట యని కొంత పరిహాసముగా చెప్పెను. పరిహాసము సరిహద్దుగా మారినది. 1982లో దక్షిణ మెల్‌బోర్ను జట్టు సిడ్నీకి తరలిపోయెను. 1998లో మెల్‌బోర్నున నొక రగ్బీ లీగు జట్టు పుట్టెను. మరుసటి యేడే ఆ జట్టు తుదిపోటీ గెలిచినది. ఆనాడు వచ్చిన 1,07,999 మంది రగ్బీ లీగు చరిత్రలో నాటికి మిక్కిలి పెద్ద సమూహము. రగ్బీ లీగు తన గొప్పకు చూపుకొను జనమెల్ల మెల్‌బోర్ను జట్టు గెలుపును చూచుటకు వచ్చినదన్న మాట! ఇంతకంటె చోద్యము, పశ్చిమ సిడ్నీలో తమ యాటను నాటుటకు ఆస్ట్రేలియా పద్ధతివారు ఇజ్రాయెల్ ఫొలావు అను రగ్బీ లీగు వీరుని తెచ్చుకొనుట. ఆయన 2012లో ఒక్క యేడాడి, రగ్బీ యూనియనునకు వెడలిపోయెను. పెండ్లివారు అద్దెకు తెచ్చుకొన్న నగ యెంతకాలము నిలుచును?

ఇంతవరకు చదివిన కొందరు మమ్ము నడుగవచ్చును: జనము వచ్చుటలో తప్పేమి? జనము వచ్చిననే గదా డబ్బు వచ్చును, డబ్బు వచ్చిననే గదా ఆటగాండ్రకు కూలి దొరకును. మీరే కూలివాని పక్షమున మాటలాడితిరి గదా? ఈ ప్రశ్న న్యాయమైనది. జనము రాకూడదని మేము చెప్పుట లేదు. జనాదరణమే యోగ్యతకు ప్రమాణమను సిద్ధాంతమును మేము ఖండించుచున్నాము. ఆ సిద్ధాంతమును బోధించువారే దానిని నమ్మరని చూపుటకు చరిత్రలో నొక్క యుదాహరణము చాలును. మా పాఠకురాండ్రు దానిని ముఖ్యముగా గమనింతురు గాక.

మొదటి మహాయుద్ధకాలమున ఇంగ్లండులోని ప్రెస్టను పట్టణమున డిక్ కెర్ కంపెనీ కర్మాగారమున పనిచేయు స్త్రీలు ఫుట్‌బాలు జట్టుగా నేర్పడి, గాయపడిన సైనికుల సహాయార్థము ఆడుచుండిరి. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరములోని గూడిసన్ పార్కున వారాడిన ఆటకు 53,000 మంది టిక్కెట్లు కొని వచ్చిరి. లోపలికి పోజాలక వెనుదిరిగినవారు వేలకొలది. మూడువేల పౌండ్లకు పైగా ధర్మనిధికి చేరినది. జనసంఖ్యయే ఆటకు యోగ్యతాపత్రమైనచో, ఆ స్త్రీలకు శాశ్వతముగా పత్ర మీయవలసి యుండెను. ఏమి జరిగెను? ఏడాది తిరుగకమునుపే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాలు అసోసియేషనువారు ఈ యాట స్త్రీలకు తగదని తీర్మానించి, తమ సంఘముల మైదానములలో స్త్రీల నాడనీయరాదని శాసించిరి. వసూలైన సొమ్ములో మితిమీరిన భాగము ఖర్చుల క్రింద పోవుచున్నదని కూడ నొక నెపము పెట్టిరి. ఆ నిషేధము సుమారు ఏబది సంవత్సరములు నడచెను. జర్మనీలో 1955 నుండి 1970 వరకు అట్టి నిషేధమే. బ్రెజిలులో 1941 నుండి 1979 వరకు ప్రభుత్వ శాసనమే యుండెను.

బ్రెజిలు సంగతి నొక్కమారు తలపోయవలెను. సాకరు అభిమానులు తమ జనసంఖ్యకు శిఖరముగా చూపునది 1950లో రియో నగరపు మరకానా మైదానమున బ్రెజిలు, ఉరుగ్వేల నడుమ జరిగిన ఆట. టిక్కెట్లు కొనినవారే 1,73,850 మంది. లోపల నుండినవారు రెండు లక్షలకు దగ్గరగా నుందురని చెప్పుదురు. ఆనాటికి ఆ దేశమున స్త్రీ ఫుట్‌బాలు ఆడుట చట్టవిరుద్ధము. మైదానపు మెట్లమీద కూర్చుండి తలల లెక్కలో చేరుటకు ఆమె తల పనికివచ్చెను. బంతిని తన్నుటకు ఆమె కాలు పనికిరాకపోయెను. ఈ లెక్క నెవరైనను మా ముందు గొప్పగా చదివినప్పుడెల్ల, అందులో స్త్రీల వంతు తీసివేసి చెప్పుమని యడుగవలెనని మాకు తోచును.

ఆస్ట్రేలియాలోని తక్కిన శాఖలు ఈ విషయమున చేతులు కడుగుకొనుటకు వీలులేదు. ఆస్ట్రేలియా పద్ధతి ఆటలకు పందొమ్మిదవ శతాబ్దము నుండియు స్త్రీలు పెద్దసంఖ్యలో వచ్చి చూచుచుండిరని ఆ శాఖవారు గర్వముతో చెప్పుకొందురు. ఆ స్త్రీలకు జాతీయస్థాయి పోటీని ఏర్పాటు చేయుటకు వారికి 2017 వరకు తీరికలేకపోయెను. తొలియాట నాడు మెల్‌బోర్నులోని ఒక పాత మైదానమున 24,568 మంది నిండి తలుపులు మూయవలసి వచ్చెను. నూరేండ్లకు పైగా టిక్కెట్టు కొనినవారిని ఆడనిచ్చుటకు పట్టిన కాల మిది.

జనము చేయు పని యేమో కూడ విచారింపవలెను. 1993 ఏప్రిలులో మెల్‌బోర్నున విక్టోరియా పార్కు మైదానమున, నికీ విన్మార్ అను ఆదివాసి ఆటగాడు దినమంతయు తన జాతిని తిట్టిన జనమునకు ఎదురుగా నిలిచి, చొక్కా పైకెత్తి తన నల్లని చర్మమును వ్రేలితో చూపెను. ఆటలో జాతిదూషణను నిషేధించు నిబంధన వచ్చుటకు మరి రెండేండ్లు పట్టినది. ఆడమ్ గూడ్సు అను మరియొక ఆదివాసి వీరుడు ఆ యాటలో నత్యున్నతమైన పతకమును రెండుమారులు పొందినవాడు; 2014లో ఆ దేశపు ఉత్తమ పౌరుడుగా గౌరవింపబడినవాడు. 2013లో పదుమూడేండ్ల బాలిక యొకతె తన్ను కోతితో పోల్చి కేకవేయగా ఆయన దానిని సహింపక చూపెను గాని, ఆ పసిదానిపై కోపింపవలదనియు, అది పెద్దలనుండి నేర్చిన మాట యనియు లోకమును వేడుకొనెను. 2015లో మైదానము మైదానమునను వేలకొలది జనము ఆయన బంతి ముట్టినప్పుడెల్ల ఏకకంఠముగా ఊళపెట్టిరి. ఆ యేటనే ఆయన ఆటను వదలివేసెను. 2019లో ఆ సంస్థయు, పదునెనిమిది జట్లును కలిసి క్షమాపణ చెప్పుకొనినవి. ఆ 2015 సంవత్సరపు హాజరుపట్టికలో ఊళపెట్టినవారును ఊళపెట్టనివారును ఒక్క రీతిగనే లెక్కింపబడి యున్నారు. సాకరును పరాయివారి ఆటయని ఎగతాళిచేసి, వలసవచ్చినవారిని, స్త్రీలను కలిపి తిట్టిన తిట్లనే జానీ వారెన్ అను ఆ యాటగాడు 2002లో తన పుస్తకమునకు పేరుగా పెట్టుకొనెను. ఆ పేరు ఈ పత్రికలో ముద్రింపదగినది కాదు.

ప్రజాధనము సంగతి కొంచెము చెప్పి వదలెదము. 2022 నాటి ప్రపంచపు పోటీలను తమ దేశమునకు తెచ్చుకొనుటకై ఆస్ట్రేలియా ప్రభుత్వము నాలుగున్నర కోట్ల డాలర్లు వెచ్చించెను. మైదానములు మీకెట్లిత్తుమని తక్కిన శాఖలు నెలల తరబడి వాదించినవి. 2010 డిసెంబరులో ఆ దేశమునకు వచ్చినది ఒక్క వోటు. టాస్మేనియా ద్వీపమునకు జట్టు నిచ్చుటకు ఆస్ట్రేలియా పద్ధతివారు 2023లో పెట్టిన షరతు, పైకప్పుగల క్రొత్త క్రీడామందిరమును కట్టుమనుట. ఆ మందిరము కావలెనా, ఆసుపత్రులు కావలెనా యని ఆ చిన్న ద్వీపము రెండుగా చీలి పోరాడినది. తలల లెక్కకు కుర్చీలు కావలెను. కుర్చీలకు పన్ను కట్టువాడు కావలెను.

తలల లెక్కయే ధర్మమని నమ్మినవారు తమ యాయుధమునకు తామే బలియైన వృత్తాంతము సిడ్నీలో జరిగినది. 1995 నుండి రగ్బీ లీగు ప్రసారపు హక్కుల కొరకు రెండు ధనికవర్గములు పోరాడి, 1997లో రెండు వేరు పోటీలు నడిపి, ఆ యేటి డిసెంబరులో సంధి చేసికొనినవి. సంధి షరతు ననుసరించి జట్లను పదునాలుగింటికి తగ్గింపవలసి వచ్చెను. ఏ జట్టు నుండవలె, ఏది పోవలె? దానికొక కొలమానము కల్పించిరి: మైదానమునకు వచ్చిన జనము, టిక్కెట్ల రాబడి, లాభము, ప్రకటనదారుల సొమ్ము మొదలగునవి. ఈ లెక్క ప్రకారము 1908 నాటి తొలిజట్లలో నొకటియు, అందరికంటె నెక్కువమారులు గెలిచినదియు నగు సౌత్ సిడ్నీ జట్టు పనికిరాదని 1999లో తేలినది. తొంబదియేండ్ల జట్టును గుమాస్తా కలముతో కొట్టివేసిరి. ఆ పేటవారు, పనివారు, ముసలివారు, ఆదివాసులు, వలసవచ్చినవారు వేలకు వేలు వీథులలో నడచిరి. న్యాయస్థానమున పోరాడిరి. 2001లో అప్పీలున గెలిచి 2002లో తిరిగి ప్రవేశించిరి. 2014లో, నలుబదిమూడేండ్ల తరువాత, తుదిపోటీ గెలిచిరి. ఆ వీథులలో నడచిన జనమును మేము గౌరవింతుము. వారు ఎదుటి శాఖను ఓడించుటకు నడువలేదు. తమ తాతలు కూర్చుండిన చోట తామును కూర్చుండగోరిరి.

ఈ దూరదేశపు తగవు మనకేల యని యడుగువారు కలరు. మన యూళ్ల గోడలను చూడుడు. సినిమా విడుదలైన మరునాటి యుదయమునకు మా నాయకునిది ఇన్ని కోట్లు, మీ నాయకునిది ఇన్ని కోట్లు అని ప్రకటనలు వెలయును. నటన యెట్లున్నదని యొకడైన నడుగడు. ఆ కోట్లలో చిల్లిగవ్వయు తన యింటికి రాని యువకుడు, వాని కొరకు తోడివాని చొక్కా పట్టుకొనును. ఆస్ట్రేలియా రోగమును మనము గుర్తింపజాలమా?

అదియు గాక మన హైదరాబాదునకు మెల్‌బోర్నుతో వేరొక సంబంధము కలదు. 1956 డిసెంబరు 1న మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో భారతదేశపు ఫుట్‌బాలు జట్టు ఆస్ట్రేలియాను వారి యింటనే 4–2 గా నోడించెను. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఆ జట్టునకు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబు. సికింద్రాబాదు బిడ్డ తులసీదాసు బలరాముడును ఆ జట్టులో నుండెను. ఆసియా ఖండమునుండి ఒలింపిక్ ఫుట్‌బాలున చివరి నాలుగు జట్లలో నిలిచిన మొదటి జట్టు మనదే. అదే డిసెంబరులో అదే నగరమున ఆస్ట్రేలియా పద్ధతి ఆటను కూడ ఒలింపిక్ అతిథులకు ప్రదర్శనముగా చూపిరి. తరువాతి కాలమున మన జనము క్రికెటువైపు తరలగా హైదరాబాదు ఫుట్‌బాలు మైదానములు బోసిపోయినవి. జనసంఖ్యయే ప్రమాణమైనచో రహీమ్ సాహెబు నేర్పిన విద్య అల్పమైనదని యొప్పుకొనవలసి వచ్చును. మేము ఒప్పుకొనము.

నేడు మెల్‌బోర్ను, సిడ్నీ నగరములలో వేలకొలది తెలుగు కుటుంబములు కాపురమున్నవి. వలసవచ్చినవారి పిల్లలు ఏ శాఖలో చేరుదురోయని నాలుగు శాఖలును పోటీపడి, బడుల వెంబడి తిరిగి, టోపీలు, బంతులు పంచుచున్నవి. ఆ పిల్లల తల్లిదండ్రులలో నీ పత్రికను చదువువా రెవరైన నున్నచో వారికొక మాట. పంచువాడు తన శాఖ యొక్క జనసంఖ్యను చెప్పుట ప్రారంభింపగానే నమస్కరించి, వేరు ప్రశ్నల నడుగుడు. మా యింటి ఆడపిల్లకు బట్టలు మార్చుకొను గది యున్నదా, లేక మగపిల్లలు పోయినదాక ఆమె కాచుకొనవలెనా? పిల్లవాని రంగును గూర్చి గాని పేరును గూర్చి గాని ఎదుటి జట్టువాడు మాట తూలినచో శిక్షకుడు ఆట నాపునా? తలకు దెబ్బ తగిలిన పిల్లవానిని ఆనాడు మరల మైదానములోనికి పంపుదురా? చేతకాని పిల్లవానికి వారమున కెన్ని నిమిషములు బంతి దొరకును? ఈ నాలుగు మాటలు తేలిన పిమ్మట, గుండ్రని బంతియో కోలబంతియో, పిల్లవాడు దేనిని కోరునో దానిని కొనియిండు.